మూడోసారి అడిగేదాకా

2023 వేసవి. ఇబ్రహీంపట్నం దగ్గర, సాగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను మొబిలిటీ కోఆర్డినేటర్‌గా చేరి రెండో ఏడాది నడుస్తోంది. ఈ ఉద్యోగం పేరు చెబితే చాలామంది కాలేజీ బస్సులు చూసుకుంటాననుకుంటారు. తుర్కయాంజాల్‌లో మా ఇంట్లో కూడా మొదటి ఆర్నెల్లు అలాగే అనుకున్నారు. బస్సులకూ నాకూ సంబంధం లేదు. విదేశీ యూనివర్సిటీలు సెలవుల్లో నడిపే మూడు నాలుగు వారాల చిన్న కోర్సులకు మా విద్యార్థులను ఎంపిక చేయడం, పంపించడం, క్షేమంగా వెనక్కి తెచ్చుకోవడం నా పని. మూడింటిలో చివరిదే అసలు పని. మొదటి రెండూ కాగితాలతో అయిపోతాయి.

నేను చదివింది మెకానికల్. ఇక్కడికి రాకముందు ఆదిభట్ల వైపు విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉండేవాణ్ణి. అక్కడ మాకు రూట్ కాజ్ అనాలిసిస్ నేర్పారు. ఏదైనా భాగం పాడైతే ముందు కారణం కాగల వాటినన్నిటినీ వరసగా రాసుకోవాలి, ఒక్కొక్కదాన్నీ పరీక్షించి కొట్టేయాలి, మిగిలినదాన్ని పట్టుకోవాలి. ఉద్యోగం మారినా ఆ అలవాటు పోలేదు. విదేశానికి వెళ్లే పిల్లలకు నేనిచ్చే చెక్‌లిస్ట్ చూసి మా ప్రిన్సిపాల్ ఒకసారి, "పెళ్లి సామాన్ల లిస్టు గూడ ఇంత ఉండదయ్యా మహేందర్" అన్నారు. ప్లగ్ అడాప్టర్ దగ్గర్నుంచి పచ్చడి సీసాకు ఎన్ని కవర్లు చుట్టాలో అందులో ఉంటుంది.

ఆ ఏడాది జర్మనీలోని ఒక చిన్న ఊళ్లో భూగర్భ జలాల మీద నాలుగు వారాల కోర్సుకు మాకు ఒక్క సీటు వచ్చింది. సివిల్ మూడో సంవత్సరం అమ్మాయి శ్రావణికి ఆ సీటు దక్కింది. వాళ్లది మంచాల పక్కన పల్లె. తండ్రి జంగయ్య ఒకప్పుడు పూర్తిగా వ్యవసాయం మీదే ఉండేవాడు. బోర్లు ఎండిపోయాక షేర్ ఆటో కొనుక్కుని తుర్కయాంజాల్, ఎల్‌బీనగర్ మధ్య తిప్పుతున్నాడు. ఉన్న కొద్ది పొలాన్ని తల్లి సత్తెమ్మ చూసుకుంటుంది. ఇంటర్వ్యూలో, ఎందుకు వెళ్లాలనుకుంటున్నావని అడిగితే మిగతావాళ్లందరూ కెరీర్ గురించి చెప్పారు. శ్రావణి మాత్రం, "మా బోరుల నీళ్లు లేవు సార్, పక్క చెల్క బోరుల ఉన్నయ్. ఎందుకో ఎవ్వలు చెప్తలేరు. చూసే పద్ధతి ఒకటి ఉంటదంట గద, అది నేర్చుకోవాలె" అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. తల వంచుకునే చెప్పింది. అయినా ప్యానెల్‌లో ఎవరికీ సందేహం మిగల్లేదు.

ఆ కోర్సులో వసతి హోమ్‌స్టే పద్ధతిలో ఉంటుంది. అంటే హాస్టల్ కాకుండా ఆ ఊరి కుటుంబాలు తలా ఒక విద్యార్థిని తమ ఇంట్లో పెట్టుకుంటాయి. గది, తిండి వాళ్లవే. శ్రావణికి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఇంగ్రిడ్ అనే ఆవిడ ఇల్లు దొరికింది. ఆమె, ఒక పిల్లి, అంతే. మొదటి రోజు శ్రావణి పంపిన ఫొటోలో ముగ్గురూ ఉన్నారు. పిల్లి ఒక్కటే కెమెరా వైపు చూసింది. నేను నిశ్చింతగా ఉన్నాను.

రెండో వారం చివర్లో, శనివారం పొద్దున ఆఫీసు తెరవగానే అక్కడి కోఆర్డినేటర్ లేనా నుంచి మెయిల్ వచ్చి ఉంది. పైన ఇన్సిడెంట్ రిపోర్ట్ అని ఉంది. మా వృత్తిలో అందరూ భయపడే మాట అది. విద్యార్థికి ఏదైనా జరిగినప్పుడు అవతలి యూనివర్సిటీ రాతపూర్వకంగా పంపే సమాచారం. ముందు రోజు ఫీల్డ్‌లో శ్రావణి కళ్లు తిరిగి కూలబడింది. డాక్టర్‌కు చూపించారు. జబ్బేమీ లేదట, సరిగ్గా తినడం లేదట. ఇంగ్రిడ్‌ను అడిగితే, ఏం పెట్టినా ఈ అమ్మాయి వద్దంటోందని, తిన్నానంటోందని, ఎక్కడ తింటోందో తనకు తెలియడం లేదని చెప్పిందట. లేనా చివర్లో ఒక మాట రాసింది. సోమవారం డాక్టర్ మళ్లీ చూస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే ఫిట్ టు కంటిన్యూ సర్టిఫికెట్, అంటే కోర్సులో కొనసాగవచ్చనే ధ్రువీకరణ ఇవ్వరు. వెనక్కి పంపించక తప్పదు.

అక్కడ టిఫిన్ వేళ అయ్యేదాకా ఆగి శ్రావణికి ఫోన్ చేశాను.

"తింటున్నవా శ్రావణీ?"

"తింటున్న సార్."

"ఇయ్యాల ఏం తిన్నవు?"

"తిన్న సార్."

"తిన్నవా అని కాదు, ఏం తిన్నవని అడుగుతున్న."

"అమ్మ కట్టిచ్చిన సకినాలున్నయ్ సార్. అరటిపండ్లు గుడ కొన్న."

"రెండు వారాలకెల్లి సకినాలేనా? ఆ ఇంటామెతోని ఏమన్న ఇబ్బందుంటే చెప్పు. ఇల్లు మార్పిస్త."

"అయ్యో వద్దు సార్! ఇంగ్రిడ్ అమ్మమ్మ మస్తు మంచిది." గొంతు ఒక్కసారిగా మారింది. "సార్, నన్ను పంపియ్యద్దని చెప్పుండ్రి సార్. నేనింకా మీటర్ గుడ ముట్టుకోలె."

ఏ మీటరో, ఎందుకు ముట్టుకోలేదో అడిగేలోపే, క్లాసుకు టైమైందని పెట్టేసింది. శనివారం క్లాసులు లేవని నాకు తెలుసు.

అలవాటు ప్రకారం కాగితం తీశాను. తిండి పడలేదా? కాదు, శ్రావణి మాంసం తింటుంది, గుడ్లు తింటుంది, ఎంపికప్పుడే అడిగి రాసుకున్నాను. జబ్బా? డాక్టర్ లేదన్నాడు. ఉపవాసమా? ఏ ఉపవాసమూ అన్ని రోజులు సాగదు. ఇంటి మీద బెంగా? బెంగ పెట్టుకున్న పిల్ల పంపించేయమని ఏడుస్తుంది, పంపించొద్దని బతిమాలదు. ఇంటావిడ సరిగ్గా చూడటం లేదా? ఆమె పేరు ఎత్తగానే శ్రావణి గొంతులో వచ్చిన కంగారు వేరేగా ఉంది. అన్నీ కొట్టేశాను. కాగితం మీద ఏమీ మిగల్లేదు. ఫ్యాక్టరీలో అయితే ఇలాంటప్పుడు ఆ భాగం తయారైన చోటికి వెళ్లి చూడమనేవారు.

జంగయ్యకు నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆటో హారన్ల మధ్య నుంచి మాట వచ్చింది.

"పంపియ్యమను సారు. సదువెటన్న పోనీ. నా బిడ్డ నాకుంటె సాలు."

"ఆమెకు రావాలని లేదే."

"దానికేం ఎరుక సారు? పడిపోయిందంటుండ్రు. ఇంకేం గావాలె? మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"రేపు ఇంటికాడ ఉంటరా? నేనొస్త. కూసోని మాట్లాడి, అప్పటికి గుడ మీరు పంపియ్యమంటే అట్లనే చెప్త."

"రాండ్రి" అన్నాడు. గొంతులో మాత్రం నిర్ణయం అయిపోయింది.

మరునాడు ఆదివారం బండి మీద మంచాల వైపు బయల్దేరాను. ఇబ్రహీంపట్నం బస్టాండ్ దగ్గర ఒక టీ తాగాను, అంతే. ఆ పల్లె చేరేసరికి భోజనాల వేళ దాటుతోంది. రేకుల ఇల్లు, పక్కన కొత్తగా వేసిన ఒక స్లాబు గది. ముందు ఆటో నిలబెట్టి ఉంది. ఆదివారం గిరాకీ వదులుకుని ఉన్నాడంటేనే జంగయ్య ఎంత కలవరపడ్డాడో తెలుస్తోంది. కుర్చీ వేశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. అసలు మాట ఎవరమూ మొదలుపెట్టకముందే సత్తెమ్మ లోపలి నుంచి వచ్చింది.

"సారు, అన్నం తిందురు రాండ్రి."

"వద్దమ్మా, తినొచ్చిన" అన్నాను.

"జరంత తినుండ్రి."

"నిజంగ తిన్ననమ్మా. కడుపు నిండుగున్నది."

ఆమె నా మాట వినిపించుకోలేదు. ఆ మాట అయ్యేలోపే పళ్లెం వచ్చేసింది. జొన్నరొట్టె, గుడ్డు పొరుటు, పక్కన గిన్నెలో అన్నం, పచ్చిపులుసు. "గింత ఎండల గంత దూరం బండి మీద వచ్చినోళ్లు తిన్నమంటే నేను నమ్మాల్నా? కూసోండ్రి, చెయ్యి కడుక్కోండ్రి."

కూర్చున్నాను. ఆకలి దంచేస్తోంది. రెండు ముద్దలు గబగబా తిన్నాను. మూడో ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా" అన్నాను. "నేను తినొచ్చిన అంటే మీరు ఎందుకు నమ్మలె?"

సత్తెమ్మ నవ్వింది. "ఎవలు నమ్ముతరు సారు? అందరు గట్లనే అంటరు గద. ముందుగాల అడగంగనే ఎవలన్న ఉరికొచ్చి కూసుంటరా?"

"మరి నమ్మి, సరే అని, పళ్లెం లోపల పెట్టేస్తే?"

"గట్ల ఎవలు పెడ్తరు! పెడ్తే వచ్చినోళ్లు మళ్ల మా గడప తొక్కుతరా?"

"అక్కడ పెడ్తరమ్మా" అన్నాను. "ఆ దేశంల వద్దు అంటే వద్దనే. రెండోసారి అడగరు."

సత్తెమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది. జంగయ్య నా వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. "ఏందంటుండ్రు సారు?" అన్నాడు.

నేను విడమరిచి చెప్పాను. ఇంగ్రిడ్ అడిగి ఉంటుంది. శ్రావణి తిన్నానని ఉంటుంది. ఇంగ్రిడ్ ఆ మాట గౌరవించి ఊరుకుని ఉంటుంది. ప్రతి పూటా ఇదే.

సత్తెమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మెల్లగా చెప్పింది.

"నేనే నేర్పిన సారు. బోర్లు ఎండిపోయినప్పుడు పిల్లలు గింతంత ఉండిరి. ఇంట్ల పొయ్యి అంటియ్యని పూటలు గుడ ఉండె. వాడకట్టున ఆడుకోను పోతే ఎవలన్న తింటవా బిడ్డా అంటరు. ఆకలి మీదున్న పోరగాండ్లు, అడగంగనే ఉరికి తింటరు. జంగయ్య పిల్లలు పస్తులుంటుండ్రని ఊరంత అనుకోవద్దు గద సారు? అందుకని గట్టిగ చెప్పిన. ఎవలు అడిగినా ముందు తిన్న అనుండ్రి. రెండోసారి అడిగినా గదే అనుండ్రి. మూడోసారి అడిగిండ్రంటే, గాళ్లు నిజంగ పెట్టాలనుకుంటుండ్రు. అప్పుడు తినుండ్రి."

జంగయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎండకు చెమట పట్టిందన్నట్టు.

నేను చెయ్యి కడుక్కుని గడియారం చూశాను. అక్కడ ఇంకా ఉదయమే, టిఫిన్ల వేళ. వీడియో కాల్ చేసి ఫోన్ సత్తెమ్మకు ఇచ్చాను. శ్రావణి మేడ మీద తన గదిలో ఉంది. పడిపోయిన తర్వాత తల్లి ఆమెను చూడటం అదే మొదటిసారి.

"ముఖం జూడు! ఎండిన బెండకాయ లెక్కయింది" అంది సత్తెమ్మ.

"బాగనే ఉన్ననే అమ్మా. తిన్న."

"నాతోని అనకు గా మాట. నేను నేర్పిన మాట నాకే చెప్తవానే?"

తల్లికి తెలిసిపోయిందని శ్రావణికి అర్థమైంది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. తర్వాత మాటలు ఆగకుండా వచ్చాయి.

"అమ్మా, ఆమె ఒక్కసారే అడుగుతదే. మొదటి దినం పగటీలికి తిండి డబ్బ కట్టియ్యాల్నా అని అడిగింది, వద్దన్న. మళ్ల అడగలె. పొద్దుమీకి అన్నం కాడ గుడ గంతే. నేను వద్దంటే నవ్వుకుంట గిన్నె తీసి లోపల పెట్టేస్తది. ఇంకోసారి అడుగుతదేమో అని నేను రోజు గక్కడనే నిలబడ్త."

"నిలబడి?"

"నిలబడి... మళ్ల పైకొస్త."

ముందు తేరుకుంది సత్తెమ్మే.

"ఇప్పుడు ఆమె ఏడుంది?"

"కిందుంది. వంటింట్ల."

"పో. పోయి ఆకలైతుందని చెప్పు."

"ఇప్పుడా? ఎట్ల చెప్పాల్నే? ఇన్ని దినాలు వద్దన్న గద. తిండికి లేనోళ్లనుకుంటది."

"అనుకోనీ. గా భయం నాకుండె, నీకెందుకు? నాకు అప్పుడు పెట్టనీకి లేకుండె, అందుకని చెప్పిన. గా మాట ఇగ ఇడిసిపెట్టు. ఫోన్ పట్టుకోని పో, నేను గుడ వస్త."

ఫోన్‌లో మాకు మెట్లు, చెక్క రెయిలింగు, పైకప్పు, ఒకసారి పిల్లి తోక కనిపించాయి. ఇంగ్రిడ్ గొంతు గుడ్ మార్నింగ్ అంది. శ్రావణి ఊపిరి మాకు ఇక్కడికి వినిపిస్తోంది.

"ఇంగ్రిడ్" అంది శ్రావణి ఇంగ్లిష్‌లో. "ఐ యామ్ హంగ్రీ."

కుర్చీ జరిగిన చప్పుడైంది. "హంగ్రీ?" అంది ఇంగ్రిడ్. ఆశ్చర్యంగా మళ్లీ అడిగింది. "యు ఆర్ హంగ్రీ?"

సత్తెమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "రెండోసారి అడుగుతుంది సారు! ఇప్పుడు ఇది ఏమంటదో!"

నేనేమీ అనకముందే జంగయ్య ఫోన్ మీదికి వంగి, ఎల్‌బీనగర్ చౌరస్తాలో గిరాకీని పిలిచినంత గట్టిగా అరిచాడు. "అవ్ అను బిడ్డా! అవ్ అను!"

"యెస్" అంది శ్రావణి. ఏడుస్తూ నవ్వుతోంది. "యెస్, వెరీ హంగ్రీ."

ఆ తర్వాత మాకు పెనం చప్పుడు వినిపించింది, నూనెలో గుడ్డు పడిన చప్పుడు. ఫోన్‌ను ఎవరో చక్కెర సీసాకు ఆనించి నిలబెట్టారు. మంచాల పక్క పల్లెలో రేకుల ఇంట్లో కూర్చుని మేం ముగ్గురం, ఎక్కడో జర్మనీలో ఒక అమ్మాయి బ్రెడ్డు, గుడ్లు తినడం చూశాం. నా ఉద్యోగంలో చాలా సర్టిఫికెట్లు, మెమెంటోలు, గ్రూప్ ఫొటోలు చూశాను. అంత తృప్తిగా మరేదీ చూడలేదు. మధ్యలో ఒకసారి సత్తెమ్మ, "గా రొట్టె గట్టిగున్నట్టుంది బిడ్డా, చాయల నానబెట్టుకో" అంది.

ఇంగ్రిడ్ వంగి ఫోన్‌లోకి చూసింది. తెల్ల జుట్టు, ఎర్రబడిన కళ్లు. ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్పాను. మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టవుతుందని ఊరుకున్నానంది. తన ఇంట్లో ఎవరినైనా రెండుసార్లు అడగడం మర్యాద కాదని చిన్నప్పుడే నేర్పారట. తన వంట నచ్చలేదేమోనని రోజుకొకటి మార్చి చేసిందట. ఆ వంటలన్నీ పక్కింటివాళ్లు తిన్నారట.

"ఆమెకు చెప్పుండ్రి సారు" అంది సత్తెమ్మ. "మా బిడ్డను మూడుసార్లు అడగాలె అని."

నేను అనువదించబోతుంటే నోటినిండా బ్రెడ్డుతో శ్రావణి అడ్డుపడింది. "వద్దు సార్. ఒక్కసారే అడగనియ్యిండ్రి. నేను చెప్త."

బయటికి వచ్చాక జంగయ్యను అడిగాను. "అయితే పంపియ్యమని చెప్పాల్నా?"

"ఏం మాట్లాడుతుండ్రు సారు" అన్నాడు. అప్పటికే ఆటో అద్దం తుడుస్తున్నాడు. "అది ఇప్పుడే తిననీకి మొదలుపెట్టింది."

సోమవారం సాయంత్రం లేనా నుంచి ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. ఫిట్ టు కంటిన్యూ. దాని కింద ఆమె ఒక నవ్వు బొమ్మ పెట్టింది. అధికారిక మెయిల్‌లో అలాంటివి పెట్టకూడదు. ప్రింట్ తీసి ఫైలులో అలాగే పెట్టుకున్నాను.

మీటర్ సంగతి నాకు ఆ వారంలో తెలిసింది. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే పరికరం అది. పొడుగాటి టేపు, కొసకు ఒక లోహపు ముక్క. ఆ ముక్క నీటికి తగలగానే పైన బీప్‌మని మోగుతుంది. దాన్ని వాటర్ లెవెల్ మీటర్ అంటారు. వాళ్ల బృందానికి ఒక్కటే ఉంది. ప్రొఫెసర్ రోజూ, ఎవరు దించుతారని అడిగేవాడు. శ్రావణి వైపు చూస్తే ఆమె, మీరు కానివ్వండి అన్నట్టు పక్కకు జరిగేది. మళ్లీ అడుగుతాడని ఎదురుచూసేది. అతను ఆసక్తి లేదేమో అనుకుని తర్వాతివాళ్లకు ఇచ్చేవాడు. అంటే వంటింట్లో జరిగిందే బోరు దగ్గర కూడా జరిగింది. అక్కడ కళ్లు తిరిగి పడదు కాబట్టి ఎవరూ రిపోర్ట్ రాయలేదు.

"మంగళవారం ఆయన అడగంగనే నేను దించుత అని చెయ్యి చాపిన సార్" అని ఫోన్‌లో చెప్పింది. "టేపు మొత్తం చిక్కుపడ్డది. అందరు నవ్విండ్రు. నేను గుడ నవ్విన."

"తర్వాత?"

"తర్వాత బీప్ అన్నది సార్!"

ఆ ఒక్క మాటలో, ఇన్నాళ్లూ మా కాలేజీలో నేను వినని గొంతు విన్నాను. ఆ తర్వాత ఆమెకు అర్థం కానిది అర్థం కాలేదని చెప్పడం, మళ్లీ చెప్పమని అడగడం కూడా అలవాటయ్యాయని లేనా చివరి రిపోర్టులో రాసింది. కొన్నిసార్లు క్లాసు ఆలస్యంగా ముగిసేదట.

తిరిగి వచ్చిన వారానికే మా సివిల్ విభాగంలో ఆ గొంతు వినిపించింది. మా ల్యాబ్‌లో కూడా ఒక వాటర్ లెవెల్ మీటర్ ఉంది. అద్దాల బీరువాలో ప్లాస్టిక్ కవరు తీయకుండా పెట్టి ఉంటుంది. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు దాన్ని చూపిస్తారు. శ్రావణి హెచ్‌ఓడీ గదికి వెళ్లినప్పుడు నేను అక్కడే వేరే పని మీద ఉన్నాను.

"సార్, ఆ మీటర్ మాకు కావాలె."

"చూద్దాం లేమ్మా" అన్నారాయన.

ఎవరైనా అక్కడితో థ్యాంక్యూ సార్ అని వెళ్లిపోతారు. చూద్దాం అంటే లేదు అని అందరికీ తెలుసు.

"ఎప్పుడు చూద్దాం సార్?" అంది శ్రావణి.

ఆయన తలెత్తారు. "ఏంటి?"

"ఇయ్యాలనా, రేపా సార్? మా ఊరి బోర్లు కొలవాలె. వానలు బాగ పడకముందే కొలిస్తేనే మళ్ల తర్వాత కొలిచిందానితోని పోల్చనీకి వస్తది."

అందులో అమర్యాద ఏమీ లేదు. అడిగింది, జవాబు కోసం నిలబడింది. కాకపోతే ఈసారి తల వంచుకుని కాదు. హెచ్‌ఓడీ గారు కాసేపు ఆమెను చూసి, బీరువా తాళం వెతకడం మొదలుపెట్టారు. అది దొరకడానికి చాలాసేపు పట్టింది. ఎన్నాళ్లుగా తీయలేదో!

ఈ కేసును నేను చాలాసార్లు నెమరు వేసుకున్నాను. ఫ్యాక్టరీలో ఒకసారి ఇలాంటిదే చూశాను. ఒక బోల్టు, ఒక నట్టు. రెండూ కొలతలకు సరిగ్గా ఉన్నాయి, ఏ పరీక్షలోనూ తప్పు దొరకలేదు. ఒకదానిలో ఒకటి మాత్రం పట్టలేదు. మర చుట్ల మధ్య దూరం ఒకదానికి మిల్లీమీటర్లలో, ఇంకోదానికి అంగుళాల లెక్కన పెట్టారు. లోపం ఏ ముక్కలోనూ లేదు, రెండూ కలిసే చోట ఉంది. సత్తెమ్మ పిల్లల పరువు కాపాడింది. ఇంగ్రిడ్ అతిథి మాటను గౌరవించింది. ఇద్దరి మర్యాదల మధ్యా ఒక పిల్ల పస్తులుంది. నా కాగితం మీద ఏమీ మిగలకపోవడానికి కారణం, నేను లోపాలనే రాసుకున్నాను, మంచి అలవాట్లను రాసుకోలేదు. ఇప్పుడు వాటినీ రాస్తున్నాను. పిల్లలు ఏ మాట అలవాటుగా అంటారో, ఏ మాట నిజంగా అంటారో తెలుసుకోవడానికి ప్రతి బ్యాచ్‌లో ఒకసారైనా వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిచోటా తిని వస్తున్నాను కూడా.

మరుసటి ఏడాది ప్రీ-డిపార్చర్ బ్రీఫింగ్, అంటే ప్రయాణానికి ముందు జరిపే సమావేశం, నడిపించమని శ్రావణిని అడిగాను. ఒక్కసారే అడిగాను. ఒప్పుకుంది. సెమినార్ హాల్‌లోకి ఆమె పెద్ద పళ్లెంలో బస్టాండ్ దగ్గర చేయించిన మిర్చి బజ్జీలు తెచ్చింది. వేడివేడిగా, వాసన హాలంతా నిండింది. మొదటి వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి ముందూ పళ్లెం ఆపింది.

"తింటవా తమ్మీ?"

"వద్దక్కా, ఇప్పుడే తిన్న."

పళ్లెం ముందుకు జరిగింది.

"నువ్వు చెల్లే?"

"అయ్యో, వద్దక్కా."

పళ్లెం ముందుకు జరిగింది. అలా ఒక్కొక్కరే వద్దన్నారు. వద్దన్న ప్రతివాళ్లూ పళ్లెం వెనకే చూస్తూ ఉండిపోయారు. నా దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు?"

మధ్యాహ్నం నేను భోజనం చేయలేదు. "వద్దమ్మా, తినొచ్చిన" అన్నాను. నాకే తెలియకుండా వచ్చేసిన మాట అది. శ్రావణి నా వంక ఒక్క క్షణం చూసి, నవ్వుకుంటూ పళ్లెం ముందుకు జరిపింది.

చివరి వరసలో పరదా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి పళ్లెం తన దగ్గరికి రాకముందే లేచి నిలబడింది. "అక్కా, నాకు కావాలె. రెండు."

హాలంతా నవ్వింది. శ్రావణి ఆమె చేతిలో మూడు పెట్టింది. తర్వాత పళ్లెం టేబుల్ మీద పెట్టి అందరి వైపు తిరిగింది.

"ఇగ నేనెవ్వర్ని అడగ. ఎవలికి కావాలె?"

చేతులు ఒక్కొక్కటే లేచాయి. ముందు సిగ్గుగా, తర్వాత గబగబా. పళ్లెంలో బజ్జీలు తగ్గిపోతున్నాయి. నేను కూడా చెయ్యెత్తాను.